నీలం దారం

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే ఆ దుకాణంలో కిటికీ పక్క బల్ల పెద్దక్కది. ముప్పై ఏళ్లలో ఒక్క బట్టైనా కాల్చిన మనిషి కాదు. ఆ సంగతి ఆవిడ చెప్పుకోనక్కర్లేదు, తోటివాళ్లే ఊరంతా చాటేవాళ్లు. పని మొదలుపెట్టేముందు ఎవరి రంగు దారం వాళ్లు హ్యాంగరుకు కట్టడం అక్కడి పద్ధతి. పెద్దక్కది నీలం.

మూడు నెలల కిందట పరాయి దేశం నుంచి ఒకామె పనిలో చేరింది. అక్కడెవరికీ లేనంత నల్లటి ఒళ్లు, వచ్చీరాని మాట. ఆమెకు పసుపు దారమైతే ఇచ్చారు గానీ, భోజనాల బల్ల దగ్గర చోటివ్వలేదు. పొమ్మని ఎవరూ అనలేదు సుమండీ! ఆమె వచ్చి కూర్చోగానే అందరికీ ఏదో పని గుర్తొచ్చేది, అంతే. పెద్దక్కకూ గుర్తొచ్చేది.

ఆ పొద్దున కూతురు ఫోను చేస్తే, పెద్దక్క మాటల్లో పడి ఇస్త్రీపెట్టెను తెల్లకోటు మీదే ఉంచేసింది. తీసి చూస్తే వీపు మీద గోధుమరంగు మచ్చ! ఏం తోచక దారం విప్పి జేబులో వేసుకుని, కోటును తీసుకెళ్లి అందరి బట్టల్లో తగిలించేసింది.

కాలిన కోటు కంటపడగానే యజమాని ఒంటికాలి మీద లేచాడు. "ఎవరిదిది? దారమేదీ?"

"ఇంకెవరు సార్, మొన్నొచ్చిన మనిషే" అంది ఒకావిడ. తక్కినవాళ్లు తలలూపారు. చూసినవాళ్లు ఒక్కరు లేరు, అయినా అందరికీ తెలిసిపోయింది. చోద్యం కాకపోతే!

"రేపట్నుంచి రావొద్దమ్మా" అన్నాడు యజమాని. ఆమె అన్నం డబ్బా సంచిలో సర్దుకోసాగింది.

ఇద్దరు పసిపిల్లల తల్లి. ఈ పని పోతే వాళ్ల గతేంటి? పెద్దక్క జేబులో చెయ్యి పెట్టి దారాన్ని తడిమి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ముప్పై ఏళ్ల పేరు మరి!

"ఆగండి సార్" అంది చివరికి. "కాల్చింది నేను. దారం విప్పిందీ నేనే." నీలం పోగు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరా పెద్దక్కా!" అన్నాడు యజమాని. సంచి సర్దుకుంటున్న ఆమెవైపు తిరిగి, వెళ్లొద్దన్నాడు.

మధ్యాహ్నం పెద్దక్క తన డబ్బా పట్టుకెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "తప్పయిపోయింది తల్లీ."

"మీరు దారం తీయడం చూశాను" అంది ఆమె, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"చూశావా! మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఎవరికి చెప్పను అక్కా? నాతో మాట్లాడేదెవరు?"

మూడు నెలల్లో ఒక్కసారైనా ఆమె పేరు అడగలేదని పెద్దక్కకు అప్పుడు తట్టింది. ఎంగిలి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ పేరేంటమ్మా?"

ఆమె చెప్పింది. పెద్దక్క రెండుసార్లు తప్పుగా పలికి, మూడోసారి సరిగ్గా పలికింది.