బతికున్న రెండో తీగ

దోర్నపాల్‌లో బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టే కొట్టామెను అందరం బ్యాటరీ అత్త అనేవాళ్లం. ఇనుపరాయి లారీల వాళ్లు మాడిపోయిందని పారేసిన హెడ్‌లైట్ బల్బు కనిపిస్తే చాలు, ఏరుకుని, ఒక కన్ను మూసి, లోపలి రెండు తీగలనూ ఎండకేసి చూసేది.

"దూరం చూపే తీగ పోయింది బిడ్డా. దగ్గర చూపేది బతికే ఉన్నది."

ఇరవైనాలుగు వోల్టుల లారీ బల్బును పన్నెండు వోల్టుల కారు బ్యాటరీకి కలిపితే సగం బలంతో మెత్తగా వెలుగుతుంది. రంగు జిలటిన్ కాగితం చుట్టినా కాలదు. అలాంటి బల్బులతో ఆమె పెళ్లి పందిళ్లకు దండలు కట్టేది. మా నాన్న లారీ డ్రైవరు. తన బల్బులు ఎవరివాటిలోనూ కలవకుండా ఇత్తడి అంచు మీద మేకుతో గీత పెట్టుకునేవాడు. "పారేసినవాటితో అత్త షోకులు చూడు," అని నవ్వేవాడు.

ఒక వానాకాలం సాయంత్రం నాన్న, నేను లోడుతో వస్తున్నాం. రోడ్డుకు అడ్డంగా ఎర్రదీపాల వరస. నాన్న బ్రేకు తొక్కాడు. దీపాల అవతల ఉండాల్సిన కల్వర్టు లేదు, వాగు ఉంది. అత్త తాను తడుస్తూ బ్యాటరీకి గొడుగు పట్టి నిలబడి ఉంది.

"ఇది పెళ్లిదండ కదా అత్తా!" అన్నాడు నాన్న.

"పెళ్లోళ్లకు రేపు కడత. ముందు మీరు ఇండ్లకు పోవద్దా?"

నాన్న దిగి ఒక బల్బు కాగితం పక్కకు జరిపి చూశాడు. అంచు మీద ఆయన గీతే ఉంది.

ఆ తర్వాత మాడిన ప్రతి బల్బునూ ఆయన తుడిచి, రెండు చేతులతో ఆమెకు అందించేవాడు.