పన్నెండు తాళ్ల జడ

పోయిన నెల ఒక పొద్దున మా హాస్టల్ ఫోన్ మోగింది. అవతల మా నాయన. "అత్త పోయింది పాపా. కడుపులో నొప్పి అనింది. కదిరికి తీసకపోయేలోపలే..." అని ఆగిపోయాడు. మా మేనత్త గురించి రాయాలని అప్పటినుంచి అనుకుంటున్నాను. కాగితం ముందు కూర్చున్న ప్రతిసారీ ఏడుపుకన్నా ముందు కోపమే వస్తోంది. ఆ కోపాన్ని దాచిపెట్టి రాస్తే అది ఆమె కథ కాదు.

మాది కదిరి నుంచి గోరంట్ల పోయే దారిలో ఒక ఊరు. మా ఇళ్లు ఊళ్లో లేవు, ఎస్సీ కాలనీలో ఉన్నాయి. తొంభైల చివర్లో ఒక ఏడు వేరుశనగ పూతలోనే ఎండిపోయింది. కాయలు ఒలిచే పని లేక ఆడవాళ్లంతా ఊరికే కూర్చున్నారు. "చేతులు ఖాళీగా ఉంటే నోళ్లు కొట్లాడతాయి" అని అత్త జడకోలాటం మొదలుపెట్టింది. ఆమెకు ఏ గురువూ నేర్పలేదు. ఊళ్లో మగవాళ్లకు చెక్కభజన నేర్పుతుంటే, వీధి ఊడ్చే నెపంతో అక్కడే తిరుగుతూ అడుగులు పట్టేసింది.

బస్టాపు పక్కన బయలులో ఒక గడ నాటింది. ఆ చోటు ఊరిదీ కాదు, కాలనీదీ కాదు. గడ కొనకు పన్నెండు తాళ్లు. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు, ఒకరి తాడు కింద ఒకరు దూరుతూ తిరిగితే పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. అడుగులు వెనక్కి వేస్తే విడిపోతుంది. తాళ్లు కొన్నవి కావు. ప్రతి మనిషీ తన పాతకోక చింపి పేనుకోవాలి. అత్తది చిలకపచ్చ కోక. మొదట మా కాలనీవాళ్లు నలుగురే. తర్వాత ఊళ్లోంచి ఒకరు, ఇద్దరు, చివరికి ఊరి పెద్దాయన కోడలితో కలిపి ఎనిమిది మంది.

ఆమె పెట్టిన షరతు ఒకటే. "తాడు పట్టినాక అందురూ అక్కే. బయట మీ ఇష్టం." అలాగే జరిగేది. బయలులో "అక్కా, ఈ అడుగు ఎట్లా?" అన్న ఆడవాళ్లే వీధిలో "ఏమే" అని పిలిచేవాళ్లు.

"నీకు కోపం రాదా అత్తా?" అని అడిగాను.

"యాల రాదు? అందుకే దినామూ ఒక గంట అక్కా అనిపిచ్చుకుంటాండా."

అడుగు తప్పి తాళ్లు చిక్కుపడితే మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు. "ఎవురు తప్పినారని అడగొద్దండి. యెనక్కి ఆడండి, అదే ఇడిపోతాది."

రెండేళ్లకు, తేరు నాడు గుడి అరుగు మీద ఆడమని పిలుపు వచ్చింది. అత్త ఆ రోజు కొత్త రవికె తొడుక్కుంది. గడ నిలబెట్టి తాళ్లు కట్టాక ఊరి పెద్ద వచ్చాడు.

"ఏమే, మీవాళ్లు నలుగురు కింద నిలబడండి. అరుగు మీద మావాళ్లు ఆడతారు."

"తాళ్లు పన్నెండు కట్టినా సామీ. నాలుగు ఊరికే ఏలాడితే జడ యాడ వస్తాది?"

"ఆ నాలుగూ ఇప్పెయ్."

అత్త విప్పలేదు. గడనే పెకలించి భుజాన వేసుకుంది. అప్పుడు ఆ పెద్దాయన కోడలే ముందుగా అరుగు దిగింది. "నా తాడు ఆ గడకే ఉండాది మామా" అంది. ఆమె వెనక నలుగురు దిగారు. ముగ్గురు దిగలేదు. ఆ ముగ్గురి తాళ్లూ బడి రిబ్బన్లు కట్టుకున్న మా ముగ్గురు ఆడపిల్లల చేతుల్లో పెట్టింది అత్త. బస్టాపు దుమ్ములో ఆడాం. మూడుసార్లు చిక్కుపడ్డాం, మూడుసార్లు వెనక్కి ఆడాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె చుట్టుపక్కల పల్లెలకు ఆటోల్లో వెళ్లి నేర్పింది. ఎక్కడ పిలిచినా ముందు అడిగేది ఒకటే: "రెండు పక్కలోళ్లూ వస్తారా?"

నా తప్పు కూడా చెప్పాలి. అనంతపురంలో కాలేజీ హాస్టల్లో చేరినప్పుడు నీకేమైనా ఆట, పాట వచ్చా అని అడిగితే, ఏమీ రాదన్నాను.

అత్త పోయిన మూడో రోజుకు బస్టాపులో ఫ్లెక్సీ వెలిసింది. ఆమె ఫోటో, కింద 'మా ఊరి కళాతల్లి'. ఆమెను పేరు పెట్టి కూడా పిలవని ఊరది. ఊరి పెద్ద కాలనీ మొదట్లోనే నిలబడి మా నాయనను పిలిపించాడు. అరుగు మీద సంతాప సభ పెడతారట. ఆ గడ తాళ్లను అక్కడే అద్దాల బీరువాలో గుర్తుగా ఉంచుతారట. నాయన చేతులు కట్టుకుని వింటున్నాడు. నేను అడిగాను.

"తాళ్లు అరుగు ఎక్కొచ్చునా సామీ?"

"ఎక్కొచ్చు పాపా, దానికేమి?"

"పట్టుకునేవాళ్లు?"

ఆయన నా వైపు కాదు, నాయన వైపు చూశాడు. "చదువుకున్న పిల్ల. ఇప్పుడు అయ్యన్నీ యాల?"

చదువుకున్నాను కాబట్టే అడిగాను. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. ఇన్ని తరాలు ఈ మాట అడగకుండా చేతులు కట్టుకున్నవాళ్ల కూతుర్ని. ఆమెను ఆడనివ్వని చోట ఆమె పాతకోకను అద్దాల్లో పెట్టి చూపిస్తారా? అది గౌరవమని మేము దండం పెట్టాలా? నాయన మెల్లగా చేతులు విప్పాడు. "ఇయ్యము సామీ" అన్నాడు. నాకు అది చాలు.

ఆ ఆదివారం సాయంత్రం అరుగు మీద మైకులో అత్తను పొగుడుతుంటే, మేము బయలులో గడ నాటాం. సభలోంచి లేచి ఊరి పెద్దాయన కోడలు వచ్చింది. మొత్తం పదకొండు మంది అయ్యారు. చిలకపచ్చ తాడు ఒక్కటే గాలికి ఊగుతోంది. పోయి పట్టుకున్నాను. రెండో చుట్టులోనే అడుగు తప్పాను. తాళ్లన్నీ చిక్కుపడ్డాయి. ఎవరు తప్పారని ఎవరూ అడగలేదు. అందరం వెనక్కి ఆడాం, మళ్లీ మొదలుపెట్టాం.

ఇప్పుడు ఆ తాళ్లు అత్త ఇంట్లో గోడ కొయ్యకు వేలాడుతున్నాయి. దుమ్ము పోవాలని నేనే ఉతికి ఆరేశాను. ఆరినా వాటి వంపులు పోలేదు. పచ్చతాడు మీదుగా ఏ తాడు ఎక్కడెక్కడ దాటిపోయిందో, వేలు పెట్టి చూస్తే ఇంకా తెలుస్తూనే ఉంది.