పెయింటు డబ్బా మీద మా వంశం

మా చిన్నప్పుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం, బహ్రెయిన్ మనామాలో మేముండే గదిలో నాన్న ఖాళీ పెయింటు డబ్బా ఒకటి కడిగి, తుడిచి, చాప మీద బోర్లించాడు... వాద్యం దొరకని చోట అదే వాద్యం.

దాని ముందు కూర్చోవలసిన మనిషి సాంబయ్య. నాన్నవాళ్ళ పక్క ఊరతను. కట్టడం పనికి వచ్చి కూలీల క్యాంపులో ఉండేవాడు. కానీ నాన్నకి అతను కూలీగా కనబడలేదు. సాంబయ్యవాళ్ళు రుంజవాళ్ళు... రుంజ అనే పెద్ద వాద్యం వాయిస్తూ మా కమ్మరి ఇళ్ళ వంశాలు చెప్పేవాళ్ళు. ఏ తాత ఎవరికి పుట్టాడు, ఏ ఊరి రైతులకు ఏం చేసిపెట్టాడు... అంతా నోటికే.

నాన్న ఆ ఊళ్ళోనే జింజ్ అనే చోట ఒక వర్క్‌షాపులో ఇనుప గేట్లు చేసేవాడు. అమ్మది గోదావరి వైపు. ఇంటిపనికి బహ్రెయిన్ వచ్చింది. ఇక్కడే ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు... కులాలు వేరు. ఆ కబురు ఊరికి చేరగానే మా పెదనాన్న రుంజవాళ్ళను పిలిచి చెప్పాడట... ఇకమీదట మా ఇంటి వరసలో తమ్ముడి పేరు ఎత్తొద్దని.

బతికున్న మనిషిని నోటిమాటతో తీసేయడం! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నాన్న కోరిక ఒక్కటే. ఆ వరసలో తన పేరు ఒక్కసారి వినాలి... దాని వెనకే అమ్మ పేరు, నా పేరు. అమ్మ పొద్దుటి నుంచీ వద్దంటూనే ఉంది.

"ఆయన చెప్పకపోతే ఏం చేస్తారండీ? మళ్ళీ అన్నం మానేసి కూర్చుంటారు. మీ సంగతి నాకు తెలీదా?"

"చెప్తడు. నా మొఖం జూసినంక ఎట్ల జెప్పడు?"

సాంబయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. డబ్బాని వేలితో కొట్టి చూశాడు.

"ఇదేంది అయ్యా! మా తాత జూస్తె నన్ను దీంట్లనే ముంచుతడు."

"దుబాయిల గింతే దొరికింది సాంబయ్యా. యల్లా, మొదలువెట్టు" అన్నాడు నాన్న. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆయనకి దుబాయే.

నవ్వులు అంతటితో సరి. సాంబయ్య గొంతు తగ్గించాడు... "అయ్యా, ముందుగాలనే జెప్తున్న. మీ అన్న మాట మీకెరుకే. నేను ఆ పేరెత్తితె ఊళ్లె మా నాయినను మీ కులపోళ్ల గడప దొక్కనియ్యరు. ముసలోడు. వేరే పని రాదాయనకు."

నాన్న కానీయమన్నట్టు చెయ్యి చూపించాడు. చూశారా... తప్పు ఊళ్ళో కూర్చున్న పెద్దమనిషిది. భయం మాత్రం పొట్ట చేత పట్టుకుని ఇంత దూరం వచ్చిన వీళ్ళిద్దరిది.

డబ్బా మోగింది. ఒకసారి మొదలుపెట్టాక వరస పూర్తయ్యేదాకా వాద్యం ఆపకూడదట... ఆపితే ఆ ఇంటికి మంచిది కాదట.

"రాయి గరిగించి ఇనుము దీసిన నర్సోజు... నర్సోజు కొడుకు మల్లోజు, కరువు కాలంల గింజ అడగకుండ ఊరందరి నాగండ్లకు కర్రు గొట్టిన మల్లోజు... మల్లోజు కొడుకు రామోజు, బండి చక్రానికి పట్టా ఎక్కిస్తె జారనియ్యని రామోజు..."

అంత బక్క మనిషిలో అంత గొంతు! నాన్న పెదవులు ఆ పేర్లతో పాటే కదులుతున్నాయి. నాగలి ఎలా ఉంటుందో కూడా తెలియని పిల్లని నేను. అయినా ఆ పేర్లన్నీ నా వైపే నడిచి వస్తున్నట్టు అనిపించింది.

తాత పేరు వచ్చింది, లక్ష్మయ్యచారి. తర్వాత పెదనాన్న, నారాయణచారి. నాన్న ముందుకు వంగాడు... అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సాంబయ్య పెదనాన్న కొడుకుల పేర్లలోకి వెళ్ళిపోయాడు.

"మా నాన్న పేరేదీ?" అని అరిచాను.

గొంతు ఆగింది. చేతులు ఆగలేదు. సాంబయ్య నా వంక చూడలేదు.

"నువ్వు ఊకో బిడ్డా" అన్నాడు నాన్న. ఆ తర్వాత ఆయన చేసిన పని మా ఇళ్ళలో ఎవరూ చేయరు. ఎవరి వంశం వాళ్ళే చెప్పుకోవడం సిగ్గుమాలినతనం అంటారు. నాన్న గొంతు సవరించుకుని, సాంబయ్య రాగంలోనే, శ్రుతీ గితీ లేకుండా ఎత్తుకున్నాడు.

"లక్ష్మయ్యచారి చిన్న కొడుకు వీరాచారి... సముద్రం దాటి జుఫైర్ల గేట్లు నిలవెట్టిన వీరాచారి..."

డబ్బా మోగుతూనే ఉంది. వరసలో ఒక్కో పేరుకీ పడే దెబ్బ నాన్న పేరుకీ పడింది.

"వీరాచారి ఇల్లాలు సత్యవతి..."

డబ్బా ఆగిపోయింది.

ఆ వరసలో అంతవరకూ ఒక్క ఆడమనిషి పేరు రాలేదు. కొలిమి దగ్గర తిత్తి ఊదిందెవరు, సమ్మెట ఎత్తిందెవరు... నానమ్మలు కారా? వాళ్ళకే లేని చోట, కులం కాని ఆమె పేరు! సాంబయ్య చేతులు డబ్బా మీద అలాగే ఉండిపోయాయి. కింద సందులో ఎవరో "సామాన్ ఉతారో భాయ్!" అని కేకలేస్తున్నారు.

"చాల్లెండి... వదిలేయండి" అంది అమ్మ.

నాన్న వదల్లేదు. "ఇల్లాలు సత్యవతి" అన్నాడు మళ్ళీ, ఇంకా గట్టిగా, సాంబయ్యనే చూస్తూ.

సాంబయ్య కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి లేచింది... ఆ దెబ్బకి పక్కింటి మలయాళీ ఆంటీ గోడ బాదింది.

"వాళ్ల బిడ్డ శారద..." అది నేను. దానికీ పడింది దెబ్బ.

అంతా అయ్యాక సాంబయ్య చెమట తుడుచుకున్నాడు. "నేనైతె ఆ పేరెత్తలే అయ్యా. మీ అన్న అడిగితె ఒట్టేసి జెప్త."

"మరి గా దెబ్బలు?"

"చేతులయ్యా... సెంట్రింగ్ రేకులు మోసి మోసి నా మాట ఇంటలేవు."

నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వలేదు... పొయ్యి వైపు తిరిగి, "సత్యవతి" అని తనలో తనే ఒకసారి అనుకుంది.

తర్వాత్తర్వాత కులం గురించిన కరపత్రాలూ చిన్న పుస్తకాలూ దొరికినన్ని చదివాను. వంశం, గోత్రం అని ఎవరైనా మొదలుపెడితే ఇప్పుడు పోట్లాటకి దిగుతాను. అయినా ఆ రోజు అమ్మ పేరుకి దెబ్బ పడాలని ఊపిరి బిగబట్టాను... అందులో నాకు తప్పేమీ కనబడదు.

మొన్న పెదనాన్న మనవలు ఫోన్ గ్రూపులో మా వంశవృక్షం బొమ్మ పెట్టారు. రంగురంగుల గళ్ళు... నాన్న ఉన్నాడు, ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు. అమ్మ గడి ఖాళీ. ఒక్క నానమ్మ పేరూ లేదు.

అప్పుడు ఒక పేరు పడాలంటే ఒక మనిషి గుండె చిక్కబట్టుకోవలసి వచ్చేది... ఇప్పుడు వేలు కదిపితే చాలు. ఆ వేలే కదలడం లేదు.

మీ ఇళ్ళ వరసల్లో పేరు పడని వాళ్ళెవరో కింద కామెంట్లలో రాయండి. ఊరూ కులం వద్దు... పేరు చాలు.