బొట్టు తీయని అక్కకు జానెడు నేల

మా పక్కగది అక్క పోయింది. ఈ సంఘ పత్రిక చదివేవాళ్లకు ఆ సంగతి తెలుసు, అయినా తెలియనట్టున్నారు. ఏళ్లుగా నా కడుపులో ఉడుకుతున్న మాట ముందు చెప్పేస్తాను. మీరు ప్రభుబల్ల రొట్టెను ప్రతిసారీ ఆమెను దాటించి నాకిచ్చారు. ఇప్పుడు మన సమాధుల తోటలో చోటు కూడా లేదన్నారు. మట్టిలో పెట్టాల్సిన మనిషిని కాల్చాల్సి వచ్చింది. ఆమె బూడిద ఒక కుండలో నా గదిలో ఉంది.

బాప్తిస్మం లేదన్నారు. బొట్టు తీయలేదు కాబట్టి బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందుకు తీయలేదని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆమె భర్త పూజలు చేసుకునే మనిషి. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు, మతి కూడా నిలకడగా ఉండేది కాదు. ఒకసారి ఆమె నుదురు తుడుచుకుని మన మందిరానికి వచ్చింది. తిరిగి వెళ్లేసరికి ఆయన ఆ ముఖం చూసి బావురుమన్నాడు.

"ఏమే, నేను పోయానా? ఎప్పుడు పోయాను?"

అక్క గబగబా కుంకుమ పెట్టుకుంది. "ఉన్నావయ్యా, ఉన్నావు. పోయినోడివైతే ఇంత గంజి ఎట్టా తాగుతావు?" అంది. ఆయన నవ్వాడు. ఆ రోజు నుంచి ఆమె మళ్లీ బొట్టు తీయలేదు.

నోయిడా ఫ్లాట్లలో వంటకు వెళ్లేది. గడప దాటే ముందు తలుపు మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, ఈ పూటకు కృప చూపు" అనేది.

"ఈ పూటకేనా అక్కా? ఏడాదికి సరిపడా ఒకేసారి అడగరాదూ?" అని ఎగతాళి చేసేవాణ్ని.

"నిన్నటి కృప ఇవాళ్టికి ఆగదు తమ్ముడూ. అన్నంలాగే పులిసిపోద్ది."

ఒకనాడు ఆయన పక్కబట్టలు ఉతికి ఆరేస్తూ, "ఇవాళ ఆయన మీద చెయ్యెత్తాను. కొట్టకుండా దించింది నేను కాదు, దేవుడు. అదే నా సాక్ష్యం" అంది. ఇంతకంటే పెద్ద సాక్ష్యం మన మందిరంలో నేను వినలేదు. ఆమెను లేచి చెప్పనిచ్చారా?

వానల్లో ఆయన పోయాడు. ఆ ఆదివారం ఆమె ఖాళీ నుదుటితో వచ్చింది. సంఘపెద్ద చేతులెత్తి, "స్తోత్రం! ఈ అమ్మకు ఇప్పటికి కృప కలిగింది" అన్నాడు.

"అయ్యా, ఆయన పోయాడు, అంతే. కృప ముందు నుంచీ ఉంది" అంది అక్క.

బాప్తిస్మం ఇమ్మని ఆమే అడిగింది. పాఠాలు పూర్తికావాలన్నారు. తర్వాత చలి తగ్గాక చూద్దామన్నారు. చలి తగ్గలేదు. ఆమె ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "నన్ను మట్టిలో పెట్టిస్తావా తమ్ముడూ?" అంది.

"పెట్టిస్తా. ఆ మందిరం గోడలు కట్టినోణ్ని. నా మాట కాదంటారా?" అన్నాను.

కాదన్నారు.

శ్మశానంలో నా చేతిలో బైబిలు చూసి అక్కడి పనివాడు, "ఇసాయీ హై తో ఇధర్ క్యోం లాయే, బాబా?" అన్నాడు. క్రైస్తవురాలైతే ఇక్కడికెందుకు తెచ్చావని. ఆ ప్రశ్నను మీ దగ్గరికి తెచ్చాను. జవాబు చెప్పాల్సింది మీరు.

నాకు చదువు లేదు. అక్షరాలు కూడబలుక్కుని బైబిలు చదువుతాను. కొలిచి ఇచ్చేదాన్ని కృప అంటారని అందులో ఎక్కడుందో చదువుకున్నవాళ్లు చూపించండి.

నేను అడిగేది ఆ బూడిద కుండకు జానెడు నేల. ప్రహరీ వారగా ఇచ్చినా చాలు. తవ్వడానికి మనిషి అక్కర్లేదు, నా చేతుల్లో ఇంకా బలముంది.

నిన్న పొగమంచు విడిచి కాసేపు ఎండ వచ్చింది. చలికి పోయిన మనిషి కదా అని ఆ కుండను వాకిట్లో ఎండలో పెట్టి, పక్కనే కూర్చున్నాను. ఎండ పోయాక లోపలికి తెచ్చాను. ఇస్తారా, ఇవ్వరా? శనివారం పొద్దుగూకేలోగా చెప్పండి.