పోతుకు పూసిన జాజు

ఎండాకాలమంతా మా మేకపోతు నడుముకు గోనెగుడ్డ కట్టుకుని తిరిగేది. పొట్ట కింద వేలాడే ఆ గుడ్డ ఉన్నంతకాలం అది ఏ మేక మీదికి ఎగబడినా ఏమీ కాదు. మా అవ్వ దాన్ని చూసినప్పుడల్లా, "పెండ్లికొడుకు పావడా కట్టుకోని వచ్చినాడు సూడండే!" అని పగలబడి నవ్వేది. ఆషాఢంలో రెండు మంచి వానలు పడ్డాకే మా నాయన ఆ ముడి విప్పేవాడు. అప్పుడు చూలు కట్టిన మేకలు మార్గశిరంలో ఈనుతాయి. ఆ నెలలో మా కార్వేటినగరం కొండవార ఎక్కడ చూసినా పచ్చటి ఆకే, పిల్లలు ఇట్టే బతికిపోతాయి.

ముడి విప్పడానికి ఇరవై రోజుల ముందునుంచే ఇంట్లో పెళ్ళి సందడి. నేను ఒక్కో మేక తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, నాయన పెరిగిన గిట్టల్ని చిన్న కత్తితో చెక్కేవాడు. అమ్మ నానబెట్టిన ఉలవలు మేకకొక గుప్పెడు పెట్టేది. ఒంట్లో సత్తువ ఉంటేనే చూలు నిలుస్తుందని.

అయిదో తరగతితో బడి మానేసిన నాకు ఆ మందలో సొంతంగా ఒక మేక ఉండేది. నల్లటిది, చెవి మీద తెల్లచుక్క. కిందటేడు అది చూలు కట్టలేదు. ఈసారి నాయన తేల్చి చెప్పేశాడు.

"ఇబ్బుడు కూడా కట్టలేదంటే పుత్తూరు సంతకు తోలేస్తా. గొడ్డుమేకకు ఉలవలు ఎందుకుమే?"

"కడతాది నాయనా! నువ్వు సూస్తా ఉండు."

నేను ఊరుకుంటానా? నా గుగ్గిళ్ళు కూడా దానికే పెట్టాను. మిగతావి లాక్కు తినకుండా దాన్ని విడిగా వసారాలో కట్టేశాను. మేతకు పోతే తాడు పట్టుకుని నా పక్కనే మేపుకున్నాను.

వానలు పడ్డాయి. నాయన గోనెగుడ్డ విప్పి, గడపలకు పూసే ఎర్రమట్టి జాజును నూనెలో కలిపి పోతు రొమ్ముకు దట్టంగా పూశాడు. అది ఏ మేకను కలిస్తే ఆ మేక నడుము మీద ఎర్రమరక పడుతుంది. రోజూ పొద్దున్నే లేచి నేను మరకలు చూసేదాన్ని. పది పన్నెండు రోజులకు మంద సగం ఎర్రబడింది. నా మేక మాత్రం నల్లగా నిగనిగలాడుతూ నిలబడింది.

ఉండబట్టలేకపోయాను. జాజు గిన్నెలో చెయ్యి ముంచి, దాని నడుము మీద రెండుసార్లు చరిచాను.

కాసేపటికి నాయన వసారాలోంచి పిలిచాడు.

"అమ్మే, ఇట్రా. మన పోతుకు వేళ్ళుండాయా?"

చూద్దును కదా, మేక నడుము మీద నా అయిదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టున్నాయి! చేతులు ఓణీలో దాచుకుంటే ఓణీ కూడా ఎర్రబడింది.

"గాజులు గూడా ఉండాయేమో సూడప్పా!" అంది అవ్వ పక్కనుంచి.

నాకు ఏడుపొచ్చింది. నాయన మీసాల్లో నవ్వు ఆపుకుంటూ, "పిచ్చిదానా! మరక నువ్వు పూస్తే చూలు నిలుస్తాదా? దీన్ని పొద్దస్తమానం నీ పక్కనే కట్టేసుకుంటే పోతు దీని మొగం యాడ సూడాల?" అన్నాడు.

అంత ముద్దు చేసి, నేనే దానికి అడ్డం పడ్డాను!

"మరక తుడిచి మందలోకి ఇడువు. ఇంగొక మూడు వారాలు సూద్దాం. ఆ పైన సంతే."

విడిచిపెట్టాను. అది రెండు రోజులు నాకోసం అరిచింది, నేను చెవులు మూసుకున్నాను. మూడో రోజునుంచి నన్ను మరిచిపోయి మందలో కలిసిపోయింది. దాని పొగరు చూసి నాకే ఉక్రోషం వచ్చింది.

రెండో వారం దాటాక ఒక పొద్దున దొడ్లోకి పోతే, నల్లటి నడుము మీద మందంగా ఎర్రమరక!

"నాయనా! అమ్మా! అవ్వా!" ఇల్లంతా లేపేశాను.

"వేళ్ళు లెక్కబెట్టప్పా, వేళ్ళు!" అంటూ అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది.

నేను రెండు చేతులూ చాచి చూపించాను. శుభ్రంగా ఉన్నాయి. నాయన వంగి మరకను పరీక్షగా చూశాడు, వేలితో తాకాడు. సంత మాట ఎత్తలేదు. ఇంట్లోకి పోయి, గుప్పెడు ఉలవలు తెచ్చి తన చేత్తోనే దాని నోటికి అందించాడు.