నాలుగో సిస్టమ్ శుభ్రంగా ఉంది

2007 ఏప్రిల్ 2, సోమవారం నాడు కోడంబాక్కంలోని ఒక డబ్బింగ్ స్టూడియోలో సిస్టమ్స్ సూపర్‌వైజరుగా చేరాను. హోదాలో మేనేజరు కింద, నలుగురు ఆపరేటర్ల పైన. నా బాధ్యతలో ఆరు కంప్యూటర్లు ఉండేవి. ఇతర భాషల సినిమాలకు రచయిత తెలుగు మాటలు చేత్తో రాసిస్తే, ఆపరేటర్లు టైపు చేసి, కళాకారులు మైకు ముందు చూసి చదివే ప్రతులు తీసేవారు. సినిమా విడుదలయ్యేదాకా ఆ ప్రతులు గడప దాటకూడదు.

నాలుగో సిస్టమ్ కోమలది. మూడు తరాలుగా మద్రాసులో ఉన్న కుటుంబం. మాట నెల్లూరు వైపుది, మధ్యమధ్య తమిళం. పన్నెండేళ్ల సర్వీసులో ఆమె ప్రతుల్లో నేను దిద్దిన తప్పులు చాలా తక్కువ.

2019 నవంబరు 13, బుధవారం ఉదయం 9.20కి ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నా సిస్టమ్‌కి ఏందో అయింది. నేను నాలుగక్షరాలు కొడితే అది ఆలోచించి ఆలోచించి ఒకటి ఏస్తుంది. మా మామియారే దీనికన్నా చురుకు." అత్తగారిని ఆమె అలాగే అనేది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో 2008లో నేనే పది అంశాలుగా రాసిపెట్టాను. మొదట నెట్‌వర్క్ వైరు పీకాలి. గూఢచారి ప్రోగ్రామ్ ఉంటే అది పోగుచేసినదాన్ని బయటికి పంపుతూనే ఉంటుంది కనుక. తర్వాత సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి తప్ప మరే ప్రోగ్రామూ లేవకుండా, కంప్యూటర్‌ను తెరవాలి. గూఢచారి ప్రోగ్రాములను పట్టే యాంటీ స్పైవేర్‌కు కావలసిన, వాటి పేర్ల తాజా జాబితాను వేరే సిస్టమ్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి స్కాన్ నడపాలి. దొరికినవాటిని క్వారంటైన్‌లో పెట్టాలి. తాళం వేసిన గదిలాంటిది అది. లోపల ఉన్నది కదలదు, కానీ ఉంటుంది.

స్కాన్ 9.35 నుంచి 11.45 దాకా నడిచింది. పదకొండు దొరికాయి. పది ప్రకటనల చెత్త. పదకొండోది కీలాగర్. నొక్కిన ప్రతి మీటనూ రాసుకొని బయటి చిరునామాకు పంపే రకం. అది సిస్టమ్‌లోకి చేరిన సమయం పక్కనే ఉంది: 2019 అక్టోబరు 7, మధ్యాహ్నం 3.42.

ఆ తేదీ దగ్గర ఆగాను. అది ఆయుధ పూజ రోజు. పూజ అయ్యాక సిస్టమ్‌లను ఎవరూ తాకరు; విజయదశమి నాడు మంచి గడియ చూసి మళ్లీ వేస్తారు. ఆ ఏడాది కీబోర్డులకు గంధం, కుంకుమ పెట్టింది కోమలే. బొరుగుల పొట్లం పట్టుకొని 12.15కి మా అందరితో పాటు బయటికి వచ్చింది. గదికి మేనేజరు ప్రసాదరావు గారు తాళం వేశారు. తాళంచెవి ఒక్కటే, ఆయన దగ్గరే ఉండేది.

పదకొండు పేర్లనూ, తేదీలనూ, సమయాలనూ నా డైరీలో రాసుకున్నాను. సరిగ్గా పన్నెండింటికి ప్రసాదరావు గారు వచ్చారు.

"ఏమండీ, మూడింటికి ఆర్టిస్టులొస్తున్నారు. సిస్టమ్ ఇస్తారా, దానికి పోస్టుమార్టం చేస్తూ కూర్చుంటారా?"

గూఢచారి ప్రోగ్రామ్ దొరికిందని చెప్పాను.

"దొరికిందిగా, అవతల పారేయండి. దొంగని పట్టుకొని ముద్దుపెట్టుకుంటామా?"

నా పద్ధతిలో తొమ్మిదో అంశం ఇది: వాడకానికి తిరిగి ఇచ్చే సిస్టమ్‌లో క్వారంటైన్‌నూ, స్కాన్ నివేదికనూ ఖాళీ చేయాలి. 2008లో ఒక ఆపరేటర్ క్వారంటైన్ తెరిచి, లోపలివాటిని పొరపాటున బయటికి వదిలినందువల్ల పెట్టిన నియమం. 12.10కి ఖాళీ చేశాను. రెండో స్కాన్‌లో సున్నా వచ్చింది. 2.40కి ఫారం నింపాను: "నాలుగో సిస్టమ్ శుభ్రంగా ఉంది. గూఢచారి ప్రోగ్రాములు లేవు." కింద తేదీ, సమయం, నా సంతకం. ఏం దొరికిందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఫారం తయారుచేసింది కూడా నేనే.

నవంబరు 18, సోమవారం నాడు, ఇంకా విడుదల కాని సినిమా పతాక సన్నివేశం మాటలు పద్నాలుగు పేజీలు ఇంటర్నెట్‌లో కనిపించాయి. అవి అక్టోబరు చివర కోమల టైపు చేసినవి. బుధవారం యజమాని గదిలో విచారణ జరిగింది. నేను కీలాగర్ సంగతి చెప్పాను. ప్రసాదరావు గారు నా ఫారం తీసి బల్ల మీద పెట్టారు.

"లేవని మీరే రాశారు కదండీ. సిస్టమ్ పంపకపోతే మనిషే పంపి ఉండాలి."

అది శుభ్రం చేశాక ఉన్న స్థితి అని చెప్పి డైరీ ముందుకు జరిపాను.

"మీరు రాసుకున్నదానికి మీరే సాక్షా?"

ఆయుధ పూజ, 3.42, తాళంచెవి, మూడూ చెప్పాను. ఆయన యజమాని వైపు తిరిగి నవ్వారు. "పూజ చేసిన సిస్టమ్‌ని ముట్టుకునే పాపిష్టివాడిలా కనిపిస్తున్నానా సార్?"

యజమాని ఫారాన్ని రెండుసార్లు చదివారు. డైరీ తెరవలేదు.

ఆ పని ప్రసాదరావు గారే చేశారని నేను ఇక్కడ రాయడం లేదు. నా దగ్గర రుజువు లేదు. ఉన్న రుజువును 12.10కి నా చేత్తోనే చెరిపేశాను. చెరిపినదాన్ని వెనక్కి రప్పించాలని విచారణ రోజు సాయంత్రం ప్రయత్నించాను. అప్పటికి వారం రోజులుగా అదే డిస్కు మీద పని నడిచింది. ఏమీ రాలేదు.

నవంబరు 22, శుక్రవారం కోమలను ఉద్యోగంలోంచి తీసేశారు. ప్రతులు బయటపెట్టిన మనిషి అన్న మాట ఒకసారి పడితే కోడంబాక్కంలో మరో స్టూడియో తలుపు తెరవదు. వెళ్తూ ఆమె నా బల్ల దగ్గర ఆగింది.

"ఆ పొద్దు నేను ఈడ లేనని మీకు తెలుసు కదా మేడమ్?"

తెలుసన్నాను.

"తెలిసి ఏం లాభం? సిస్టమ్‌తో నన్నూ చేర్చి తుడిచేస్తిరే."

ఆమె లెక్కలో తప్పు లేదు.

నేను నేర్చుకున్నది ఇది. శుభ్రం చేసేవాళ్లు ముందు మురికిని నమోదు చేయాలి, దాని కింద రెండో మనిషి చేత సంతకం పెట్టించాలి, ఆ తర్వాతే చెరపాలి. ఎంత కచ్చితంగా రాసినా, ఒక్కరే రాసుకున్నది ఒక్కరికే పనికొస్తుంది. డిసెంబరు 2న ఫారం మార్చాను. దొరికినవాటికి ఒక గడి, రెండో సంతకానికి ఒక గడి చేర్చాను. 2020 మార్చి 31న నేను రిటైరయ్యేలోగా కొత్త ఫారాన్ని ఏడుసార్లు వాడాం. ప్రసాదరావు గారు ఏడుసార్లూ రెండో సంతకం పెట్టారు, ఒక్కసారి కూడా చదవకుండా.

కోమల ఫైలులో ఉన్నది పాత ఫారం. దాని మీద సంతకం ఒక్కటే.