గేటు గొళ్లెం చప్పుడైతే గుండె దడ

ఆ రోజు మంగళవారం. మహబూబాబాద్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంట్లో మధ్యాహ్నం పూట కూర్చుని ఒక పెళ్లి బ్లౌజుకు హుక్కులు కుడుతున్నాను. బయట గేటు గొళ్లెం చప్పుడైంది. అంతే! గుండె దడదడా కొట్టుకుంది. వేళ్లు తిమ్మిరెక్కాయి, చెమటలు కారాయి, ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. చేతిలో సూది ఎక్కడ పడిందో తెలియదు. నాకు హార్ట్ ఎటాక్ వచ్చేసింది, నా పని అయిపోయిందనుకున్నాను. ఇంతకీ గేటు తీసింది పైన ఉండే మా ఓనరక్క. కూరగాయల సంచీ పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది, నా వైపు చూడనైనా లేదు.

ఇవాళ పొద్దుటి నుంచి అదే గేటు ఎన్నిసార్లు చప్పుడైందో లెక్కే లేదు. నేను మాత్రం హాయిగా కూర్చుని ఇది రాస్తున్నాను! ఎలా బాగుపడ్డానో పదిమందికీ చెప్పకపోతే నాకు తోచేలా లేదు, అందుకే మిషను పక్కన పెట్టి మరీ కూర్చున్నాను.

మా ఆయన రమేశ్ స్కూలు బస్సు డ్రైవరు. ఆ సాయంత్రమే నన్ను దవాఖానకు తీసుకెళ్లాడు. ఈసీజీ తీశారు, బీపీ చూశారు, రక్తం తీసుకున్నారు. మర్నాడు ఎకో కూడా చేశారు. "ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్, థైరాయిడ్ నార్మల్. గుండెకేం కాలేదమ్మా, నిమ్మలంగ ఉండు" అన్నాడు డాక్టరు. ఇంకొకరైతే సంతోషించేవారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అన్నీ నార్మల్ అయితే ఈ దడ ఎక్కడిది?

ఆ వారంలోనే ఇంకో మూడుసార్లు వచ్చింది. ఒకసారి కత్తెర చేతిలో ఉండగా వచ్చి, ఒక టీచరమ్మ పట్టు బ్లౌజుకు వెనక మెడను ముందు వైపు కత్తిరించేశాను. పదిహేనేళ్లుగా కుడుతున్న చేతులివి. ఆ రోజు సిగ్గుతో ఏడ్చాను.

జనగామలో మా అక్క ఉంటుంది. సంగతి విని, "పిచ్చోళ్ల డాక్టరని భయపడకు, నేనస్త, దా" అని అక్కడి ఒక సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లింది. ఆ డాక్టరమ్మ అడిగింది ఒకటే. "ఎప్పుడెప్పుడొస్తదో రాసుకొని రా." రెండు వారాలు నా కొలతల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాశాను. ఆమె చదివింది: గేటు. గేటు. మెట్ల మీద ఓనరక్క చెప్పులు. అత్తమ్మ దగ్గు. గేటు. పుస్తకం మూసి, "ఇంట్ల ఎవర్ని దాస్తున్నవమ్మా?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. దాచింది మా అత్తమ్మనే!

అత్తమ్మది దంతాలపల్లి. స్ట్రోక్ వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మామయ్య లేడు, మేము తప్ప ఆమెను చూసుకునేవాళ్లు లేరు. అప్పుడు మేము జనగామలో ఉండేవాళ్లం. ఆమెను తెచ్చుకున్న వారానికే అక్కడి ఓనరు ఖాళీ చేయమన్నాడు. కారణం మన దగ్గర అందరికీ తెలిసిందే. నక్షత్రం మంచిది కానప్పుడు ఇంట్లో ప్రాణం పోతే, ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలి. అందుకే టులెట్ బోర్డు చూసి ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న అదే. "ముసలోళ్లున్నరా?"

మహబూబాబాద్‌లో ఈ ఇల్లు అడిగినప్పుడు నేను తెలివి ఉపయోగించాను. మేము ముగ్గురమే, నేను, మా ఆయన, మా పాప అని చెప్పాను. అత్తమ్మను నెల రోజులు మా అక్క దగ్గర ఉంచి, ఆ తర్వాత ఆటోలో తెచ్చి, ఓనరక్కతో "చుట్టపుచూపుకొచ్చింది, నాలుగు రోజులుండి పోతది" అన్నాను. ఆ నాలుగు రోజులు తొమ్మిది నెలలయ్యాయి. ఆమె కర్రను కుట్టు మిషను వెనక పెట్టేదాన్ని. కిటికీ తెరవనిచ్చేదాన్ని కాదు. "దగ్గొస్తే దిండు అడ్డం పెట్టుకో అత్తమ్మా" అని చెప్పిన దాన్ని నేనే. ఆమె వెంటనే దిండు అందుకునేది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

"ఇది ప్యానిక్ డిజార్డర్. గోలీలు రాస్త, దడ తగ్గుతది. గని దాపెట్టుడు గోలీతోటి తగ్గదు" అంది డాక్టరమ్మ. "ఇంటికి కాయిదం ఉన్నదా?"

"ఏం కాయిదం మేడం?"

"కిరాయి అగ్రిమెంట్. ఇయ్యాల పొమ్మంటే ఇయ్యాలనే పోవాలని నీ పానం అనుకుంటున్నది. గట్ల లేదు, దానికి చట్టమున్నది. కోర్టుల పైసలు తీసుకోకుండ సలహా చెప్పేటోళ్లుంటరు, పోయి అడుగు."

గోలీలు వేసుకున్నాను, కోర్టుకు మాత్రం వెళ్లలేదు. నెలకల్లా దడ తగ్గింది. ఇంకెందుకని గోలీలు కూడా నా అంతట నేనే మానేశాను. రెండు వారాలు గడిచాయి. ఒకరోజు అత్తమ్మ దిండు అందుకునేలోపే దగ్గు వచ్చేసింది. మెట్ల మీద నుంచి ఓనరక్క, "సునీతా, మీ చుట్టం ఇంక పోలేదా?" అంది. నేను ఉన్నచోటే కూలబడ్డాను. ఈసారి డాక్టరమ్మ గట్టిగా చీవాట్లు పెట్టింది. "ఎవర్నడిగి బందు చేసినవ్?"

మళ్లీ గోలీలు మొదలుపెట్టి, ఈసారి కోర్టుకూ వెళ్లాను. అక్కడి వకీలమ్మ చాలా ఓపికగా చెప్పింది. ఇష్టం వచ్చినట్టు ఖాళీ చేయించడం కుదరదట, నోటీసు ఇవ్వాలట, ఖాళీ చేయించడానికి నీళ్లు, కరెంటు ఆపకూడదట. "షరతులన్నీ రాసుకోండ్రి. మీ భయం ఒక్కటే కాదు, ఆమె భయం గూడ అడిగి రాయుండ్రి" అంది.

ఆదివారం పొద్దున నేను, రమేశ్ మెట్లెక్కాం. నా గుండె మళ్లీ దడదడమంటోంది. అయినా నోరు తెరిచాను. "అక్కా, మా అత్తమ్మ చుట్టం కాదు. ఈడనే ఉంటది."

ఓనరక్క చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తింది. "నాకెరుక లేదా? తొమ్మిది నెల్ల సంది మీ దండెం మీద ముసలామె చీరలారుతున్నయ్. నువ్వే చెప్తవని చూస్తున్న."

కర్ర దాచాను, కిటికీ మూశాను, దగ్గుకు దిండు పెట్టించాను. చీరలు మాత్రం రోజూ ఆమె కళ్ల ముందే ఆరేశాను! రమేశ్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"నా భయమొక్కటే. ఆమెకేమన్న అయి ఇల్లు మూసి పెట్టాల్సొస్తే నేనెట్ల?" అని అడిగింది ఓనరక్క. అలాంటిది జరిగితే శాంతి మేమే చేయిస్తామని, ఇంటికి సున్నం వేయించి అప్పగిస్తామని అగ్రిమెంటులో రాశాం. జబ్బు, పురుడు, చావు కారణంగా ఖాళీ చేయమననని ఆమె రాసింది. వేరే ఏ కారణంతో ఖాళీ చేయించాలన్నా రెండు నెలల ముందు కాగితం మీద చెప్పాలని, ఆమె కిందికి మా ఇంట్లోకి వచ్చే ముందు ఒక మాట చెప్పి రావాలని కూడా రాసుకున్నాం. ఇంట్లో ఉండేవాళ్ల పేర్లలో నాలుగోది అత్తమ్మది. ఓనరక్క, నేను సంతకాలు పెట్టాం. వకీలమ్మ చూసి బాగుందంది.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చదివి వినిపించాను. "నా పేరు కాడ మల్లొక్కపారి సదువు" అంది. చదివాను. "ఇంకొక్కపారి." మళ్లీ చదివాను. ఇంతలో ఆమెకు దగ్గు వచ్చింది. చెయ్యి అలవాటుగా దిండు మీదికి వెళ్లింది. నేను దిండు లాగేశాను. పై అంతస్తు దాకా వినపడేలా దగ్గింది, ఆ తర్వాత పకపకా నవ్వింది. ఆమె నవ్వు ఎలా ఉంటుందో తొమ్మిది నెలల్లో మర్చిపోయాను!

ఇది జరిగి ఏడాది కావస్తోంది. డాక్టరమ్మ నా గోలీల డోస్ సగానికి తగ్గించింది. భూపాలపల్లిలో కిరాయికి ఉండే మా ఆడబిడ్డ ఆ కాగితం ఫొటో తెప్పించుకుంది. నేను చెప్పేది ఒకటే. ఇల్లు కిరాయికి తీసుకుంటే కాగితం రాయించుకోండి. ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరి పేరూ అందులో ఉండాలి, మంచంలో ఉన్నవాళ్ల పేరు మొట్టమొదట.

ఇదిగో, మళ్లీ గేటు గొళ్లెం చప్పుడైంది. బ్లౌజు కోసం ఎవరో వచ్చినట్టున్నారు. గొళ్లెం తీసింది మా అత్తమ్మే. గేటు పక్కన కుర్చీ వేయించుకుని, పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుంది.